బొమ్మ మీద చెయ్యి పెడితే



ఈవేళ చిన్నపిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చిన్నపిల్లలంటే మరీ చిన్నవాళ్ళు, మూడు దాటి ఆరు నిండనివాళ్ళు. ఎల్‌కేజీ, యూకేజీ అనండి, శిశుతరగతి అనండి, అంగన్‌వాడీ అనండి, పేరేదయినా అక్కడ చాప మీద కూర్చునేది ఆ వయసు పిల్లలే. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. పదో తరగతి ప్యాసయ్యాక ఇంటిపట్టునే ఉండిపోయాను. టీచరు ట్రైనింగూ కాలేదు. మరి ఏ ధైర్యంతో ఒప్పుకున్నావమ్మా అంటారేమో. ఈ విషయంలో ఒకసారి నేను పెద్ద పొరపాటు చేశాను. ఆ పొరపాటు వల్లనే కొంత నేర్చుకున్నాను. అదీ నా అర్హత.

మా పెద్దమ్మాయిని 2005లో ఎల్‌కేజీలో చేర్పించాం. అప్పుడు మేము తెనాలిలో కాపురం ఉండేవాళ్ళం. టై, బెల్టు, బూట్లు, వీపున దాని బరువంత సంచీ. ఆరు నెలలు తిరిగేసరికి అ ఆ ల దగ్గర మొదలుపెట్టి బండి ‘ఱ’ దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేది. వన్, టూ, త్రీలు నూరు దాకా అప్పచెప్పేది. నోటుబుక్కుల నిండా ముత్యాల్లాంటి రాత, పేజీ పేజీకీ ఎర్రసిరాతో నక్షత్రాలు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ గ్లాసు వాళ్ళ చేతికిచ్చేలోగా పిల్లను పిలిచి, “ఏదీ, మామయ్యగారికి చెప్పు” అనేదాన్ని. వాళ్ళు మెచ్చుకోవటం, నేను పొంగిపోవటం. మనలో మన మాట, పిల్ల చదువుకంటే నా గొప్ప ఎక్కువగా ఉండేది అందులో.

ఆ రోజుల్లోనే ఒక చిన్న సంగతి జరిగింది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. భోజనాల వేళ, “ఐదు కంచాలు పెట్టమ్మా” అన్నాను. పిల్ల వెళ్ళి గూట్లో ఉన్న కంచాలన్నీ తెచ్చి పెట్టేసింది. పదో, పదకొండో. నూరు దాకా లెక్క వచ్చిన పిల్లకు ఐదు కంచాలు తేవటం రాలేదు. మేమందరం నవ్వుకుని, పరధ్యానం పిల్ల అని సరిపెట్టుకున్నాం.

2008లో సంక్రాంతికి మా నాన్నగారు వచ్చారు. పిల్ల అప్పుడు ఒకటో తరగతి. మా నాన్నగారు ఐదో తరగతితో చదువు ఆపేసి నాగలి పట్టిన మనిషి, కానీ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతారు. వీధి అరుగు మీద కూర్చుని, “మీ పుస్తకం చదివి వినిపించవే” అని మనవరాలిని అడిగారు. అది తెలుగు వాచకం తెచ్చి గడగడా చదివేసింది. రెండు పేజీలు విన్నారాయన. మూడో పేజీ తిప్పగానే పైనున్న బొమ్మ మీద తన అరచెయ్యి పెట్టి మూసి, “ఇప్పుడు చదువు” అన్నారు.

పిల్ల నోట మాట రాలేదు.

పరాచికం అనుకున్నాను నేను. ఆయన చెయ్యి తియ్యలేదు. పక్కనే కొట్టు నుంచి వచ్చిన బెల్లం పొట్లం కాగితం ఉంటే అందులో ఒక చిన్న మాట చూపించి, “ఇదేమిటి?” అన్నారు. ‘పాలు’ అని ఉంది. పిల్ల ‘ప’ అంది, తరవాత వేలితో ఆ అక్షరాన్ని గాల్లో దిద్దింది, తరవాత నా మొహంలోకి చూసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి దాని వీపున ఒక్కటి వేశాను. “మూడేళ్ళ నుంచి ఫీజులు పోస్తున్నాం” అని ఏవేవో అన్నాను. మా నాన్నగారు పిల్లని దగ్గరికి తీసుకుని, “కొట్టాల్సింది దాన్ని కాదమ్మా” అన్నారంతే. ఆ రాత్రి పక్కలో పడుకున్నాక పిల్ల చెప్పింది: “అమ్మా, బొమ్మ కనపడితే మాటలు వాటంతట అవే వచ్చేస్తాయి. బొమ్మ లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.”

దాని తప్పేముంది చెప్పండి. క్లాసులో నలభై మంది ఒకే గొంతుతో పాఠం చెబుతారు. అది విని, జ్ఞాపకం పెట్టుకుని, ఏ బొమ్మ కింద ఏ మాటలుంటాయో గుర్తు పెట్టుకుంది. అదీ ఒక తెలివే. అక్షరాలను చూసి రాయటం అంటే దానికి ముగ్గు చూసి ముగ్గు వెయ్యటం లాంటిది. చూసి రాస్తే నక్షత్రం వచ్చేది. ఆ గీతకు ఒక చప్పుడు ఉందని, రెండు మూడు చప్పుళ్ళు కలిస్తే మనం నోటితో అనే మాట అవుతుందని ఎవరూ దానికి చెప్పలేదు. దానికి తెలుసో లేదో ఎవరూ చూడలేదు. ఎవరో ఎందుకు, నేను చూడలేదు.

ఇక మా రెండోవాడి సంగతి. 2009లో వాడికి నాలుగో ఏడు. ఈసారి పెద్ద బడికి పంపలేదు. మా వెనక వీధిలో రిటైరయిన ఒక పంతులమ్మగారు తన ఇంటి పంచలో పద్ధెనిమిది మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్పేవారు. బోర్డు లేదు, టై లేదు. మావాడు గుమ్మం దాటి లోపలికి రానని ఒకటే ఏడుపు. ఆవిడ, “నువ్వూ వచ్చి వెనక కూర్చో అమ్మాయ్, వాడే ఎప్పుడో పొమ్మంటాడు” అన్నారు. వాడు పొమ్మనటానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ నేను కూరగాయల బుట్ట పక్కన పెట్టుకుని వెనక చాప మీద కూర్చునేదాన్ని. నాకు తెలిసిందంతా అక్కడ తెలిసిందే.

మొదటి నెలంతా ఆవిడ ఒక్క అక్షరం చెప్పలేదు. నాకు లోపల గాభరా. పెద్దదానికి జరిగిందే వీడికీ జరిగేట్టుందే అని. ఆవిడ కథలు చెప్పేవారు, చెప్పించేవారు. తరవాత చప్పట్లాట. ఒక్కొక్క పిల్ల పేరూ ముక్కలు చేసి, ముక్కకొక చప్పట్టు. ‘సీ-త’కు రెండు, ‘అ-ర-టి’కి మూడు. పిల్లలకు ఇది ఎంత సులువుగా వచ్చిందో చూస్తే ఆశ్చర్యం వేసింది. మన భాషకు ఆ సౌకర్యం ఉంది చూడండి. మన అక్షరం ఒక పూర్తి చప్పుడు. ‘ల’ని ల అనే పిలుస్తాం, ల అనే చదువుతాం. ఇంగ్లీషులో ‘డబ్ల్యూ’ అని నేర్పి, మాటలోకి వచ్చేసరికి ‘వ’ అని పలకమంటాం. ఆ వయసు పిల్లకు అది ఎంత తికమక!

ఆ పైన పొట్టీ పొడుగూ ఆట. ఆవిడ ‘పడు’ అంటే పిల్లలు చాప మీద దబ్బున పడాలి. ‘పాడు’ అంటే పాడాలి. పంచ అదిరిపోయేది. ‘గడి’ అంటే తలుపు గడి చూపించాలి, ‘గడ్డి’ అంటే దొడ్లో గేదె వైపు చెయ్యి చాపాలి. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నవ్వుకునేదాన్ని. తరవాత తెలిసింది, దీర్ఘం, ఒత్తు అనేవాటిని కంటితో చూడకముందే చెవితో పట్టిస్తున్నారని. నోటికీ చెవికీ తేడా తెలియని పిల్లకు ‘గడ్డి’లో డ కింద ఆ చిన్న కొక్కెం ఎందుకో ఎలా తెలుస్తుంది?

అక్షరాలు మొదలుపెట్టినప్పుడు కూడా ‘అ’ తో మొదలుపెట్టలేదు. నాకు అది మింగుడుపడలేదు. పెద్దలు పెట్టిన వరస కదా! ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. ఆవిడ పలక తీసుకుని ప, డ, వ, ల, త అని ఐదు అక్షరాలు రాశారు. “వీటితో ఎన్ని మాటలొస్తాయో చూడు” అన్నారు. వల, తల, వడ, లత, పడవ. ఐదు అక్షరాలకు ఐదు మాటలు, అన్నీ పిల్లలు ఎరిగినవే. “ఇప్పుడు అ నుంచి అః దాకా రాసుకుని, వాటితో మాటలు చెప్పు” అన్నారు. ఎంత తడుముకున్నా ‘ఆ’, ‘ఈ’ తప్ప ఏమీ తట్టలేదు. అచ్చులు మాట మొదట్లోనే తమ రూపంతో కనపడతాయి. మాట మధ్యలోకి వచ్చేసరికి గుడిగానో, కొమ్ముగానో, ఎత్వంగానో వేషం మార్చుకుంటాయి. అంచేత అచ్చులన్నీ నేర్చినా పిల్ల చేతికి చదవటానికి ఒక్క మాట దొరకదు. యాభై ఆరు అక్షరాలూ దిద్దటం అయ్యాక, గుణింతాలన్నీ అయ్యాక, ఏడాదో ఏడాదిన్నరో పోయాక మాట చదవనిస్తే, అప్పటికి ఆ పిల్లకు చదువంటే వరస అప్పచెప్పటమే అనే అభిప్రాయం స్థిరపడిపోయి ఉంటుంది. మా పెద్దదానికి అయిందదే.

అలాగని అక్షరాభ్యాసాన్ని ఆవిడ ఎప్పుడూ తక్కువ చెయ్యలేదు. మేము వాడిని బాసర తీసుకెళ్ళి అమ్మవారి సన్నిధిలో అక్షరాభ్యాసం చేయించుకొచ్చామంటే సంతోషించారు. “బియ్యంలో వేలితో రాయించారు చూశావా, అదే నేనూ చేస్తాను” అన్నారు. నిజంగానే చేశారు. ఒక్కొక్క పిల్ల ముందు ఒక పళ్ళెం, పళ్ళెంలో పల్చగా ఉప్మారవ్వ. ఆవిడ ‘ల’ అంటూ వేలితో పెద్దగా గీస్తారు, పిల్లలూ అలాగే పైకి అంటూ గీస్తారు. తప్పు పోతే పళ్ళెం ఒకసారి కదిపితే సరి, తప్పు మాయం. కాగితం మీద అలా కాదు. రబ్బరు పెట్టి తుడిచినా మచ్చ ఉంటుంది, ఒక్కోసారి కాగితం చిరుగుతుంది, పిల్ల ఏడుస్తుంది.

ఈ ఇసుక రాతకు పెద్ద చరిత్రే ఉందని తరవాత లైబ్రరీ పుస్తకాల్లో చదివాను. మన వీధిబళ్ళలో పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుకునేవారు. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం చూసుకునే ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు అది చూసి, తన బళ్ళో పెట్టి, 1797లో లండనులో పుస్తకం అచ్చువేశాడు. దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చి, ఇంగ్లండు బీదపిల్లల బళ్ళలోకి వెళ్ళింది. మన ఇసుక అక్కడిదాకా వెళ్ళి, మన పిల్లల చేతికి మాత్రం మూడో ఏట పెన్సిలు వచ్చింది! 1907లో రోమ్ నగరంలో బీదపిల్లలకు బడి పెట్టిన మాంటిస్సోరి అమ్మగారు కూడా గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, అట్టకు అంటించి, పిల్లలచేత వేళ్ళతో తడిమించేవారట. ఆవిడ 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం రోజులన్నీ మన దేశంలోనే ఉండి ఎందరో పంతులమ్మలకు శిక్షణ ఇచ్చారు. ఆ గరుకు కాగితం మన ఇనప సామాను కొట్లో దొరుకుతుంది. వడ్రంగులు వాడేదే.

వేళ్ళ మాట వచ్చింది కనక ఇంకొకటి. నాలుగేళ్ళ పిల్ల వేళ్ళు మెత్తటి లేత బెండకాయల్లా ఉంటాయి. వాటికి పెన్సిలు పట్టే బిగువు ఇంకా రాదు. మా పెద్దది చూపుడువేలు ఎర్రగా కందిపోయేదాకా నాలుగేసి పేజీలు రాసేది. హోంవర్కు కదా అని నేను పక్కన కూర్చుని రాయించేదాన్ని. పంతులమ్మగారి దగ్గర పిల్లలు పిండి ముద్దలు చేసేవారు, పూసలు గుచ్చేవారు, బఠాణీలు ఒలిచేవారు. నేల మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టి ముగ్గులు కలిపేవారు, ఆడామగా తేడా లేకుండా. సున్నాలూ, వంపులూ, మెలికలూ చెయ్యి తిరిగాక బలపం ఇచ్చారు. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే కదా, ముగ్గు వచ్చిన చేతికి అవెంత సేపు?

చిక్కు పెట్టే అక్షరాలు లేకపోలేదు. ‘వ’, ‘మ’ దగ్గర పిల్లలందరూ తడబడ్డారు. ‘వ’ పక్కన కొమ్ములా సాగితే ‘మ’ అవుతుంది. తీరా ‘వు’ వచ్చేసరికి అదీ అలాగే కనపడుతుంది. ఆవిడ ఆ రెంటినీ ఒకే వారం చెప్పలేదు. ‘వ’ బాగా నలిగాక, నెల పోయాక ‘మ’ తెచ్చారు. ద, ధ, థలను అయితే ఆ ఏడాదే ముట్టుకోలేదు. దీర్ఘం చెప్పిన రోజు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ‘ప’ అట్ట, ‘ట’ అట్ట పక్కపక్కన పెట్టారు. ‘పట’ అన్నారు పిల్లలు. “అంటే?” ఎవరికీ తెలీదు. ప నెత్తిన తలకట్టు తీసి దీర్ఘం పెట్టారు. మావాడు ఒక్క క్షణం చూసి, “పాట! పాట అయిపోయింది!” అని లేచి గంతేశాడు. ఆ అరుపు విని నేను చిక్కుడుకాయలు వదిలేసి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పెద్దదానికి ఆ క్షణం రాకుండానే మూడేళ్ళు గడిచాయి కదా అని.

ఇక లెక్కలు. ఒకరోజు ఆవిడ, “ఏమ్మాయ్, ఆ చిక్కుడుకాయలు ఇలా ఇవ్వు” అని నా బుట్ట లాక్కుని పిల్లలకు పంచేశారు. తలా ఆరు. “లెక్కపెట్టండి” అన్నారు. ఒకటి, రెండు అని నోరు పరుగెడుతోంది, వేలు వెనకబడుతోంది. ఒక కాయను రెండుసార్లు లెక్కపెట్టేవాడు ఒకడు, రెండు కాయలకు ఒకే అంకె చెప్పేది ఒకతె. కాయ కాయనూ తీసి పక్కన పెడుతూ లెక్కపెట్టించారు. అయ్యాక, “ఎన్ని?” అని అడిగితే మళ్ళీ మొదటినుంచి ఒకటి, రెండు అని మొదలు. చివర చెప్పిన అంకే మొత్తం అని వాళ్ళకు ఇంకా తెలీదు. మనకు అది ఎంత సహజంగా తోస్తుందంటే, నేర్పవలసిన విషయమని కూడా అనుకోం. మా అమ్మాయి పదకొండు కంచాలు ఎందుకు పెట్టిందో నాకు అప్పుడు అర్థమైంది. దానికి ఐదు అంటే నాలుగు తరవాత అనే మాటే గాని, ఇన్ని అని కాదు.

ఆవిడ అదే ఆరు కాయల్ని దూరం దూరంగా పరిచి, “ఇప్పుడు ఎక్కువా, తక్కువా?” అంటే సగం మంది ఎక్కువన్నారు. కోప్పడలేదు. మళ్ళీ దగ్గరికి చేర్చి వాళ్ళచేతే లెక్కపెట్టించారు. రోజూ ఏదో ఒకటి, నెల రోజుల పాటు. గవ్వలు వేసి, పడగానే ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టకుండా చెప్పమనేవారు. వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడిన మనకు ఇది కొత్తేమీ కాదు. మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు, కానీ చింతపిక్కలు గుప్పెట్లోకి తీసుకుని చూపుతోనే ఎన్నో చెప్పేది.

సున్నా చెప్పటానికి పళ్ళెంలో మూడు బెల్లంముక్కలు పెట్టి ఒక్కొక్కటీ తినిపించేశారు. చివరికి ఖాళీ పళ్ళెం. “ఎన్ని ఉన్నాయి?” “లేవు.” “దాన్ని ఇలా రాస్తాం” అని సున్నా చుట్టారు. అంత రుచిగా ఎవరైనా సున్నా చెప్పారా మనకి?

పది దాటాక చీపురుపుల్లలు. పది పుల్లలు రబ్బరుబ్యాండు వేసి కట్ట, విడిగా మూడు. పదీ మూడూ, పదమూడు. రాసేటప్పుడు కూడా ముందు కట్ట గుర్తు 1, తరవాత విడివాటి గుర్తు 3. మాటలో ఏ వరసో రాతలో అదే వరస. ఇంగ్లీషులో ‘సిక్స్‌టీన్’ అంటే చెవిన ముందు సిక్స్ పడుతుంది. పిల్ల ముందు 6 రాసి తరవాత 1 రాస్తుంది. అరవై ఒకటి అయి కూర్చుంటుంది. మా పెద్దది యూకేజీలో ఇలా ఎన్నిసార్లు రాసిందో, నేను ఎన్నిసార్లు మొట్టికాయ వేశానో. ఇంగ్లీషు మీడియం వద్దని నేననను, ఎవరి అవసరం వాళ్ళది. ఇంట్లో అంకెలు తెలుగులో కూడా ఆడించమంటాను, అంతే. మన అంకెల్లోనూ చిక్కులున్నాయి. ఇరవై తొమ్మిది తరవాత మావాడు చాలాకాలం ‘ఇరవై పది’ అన్నాడు. పుల్లలు కట్ట కట్టించి చూపిస్తే వాడే దిద్దుకున్నాడు. కాని అందులో వాడి తర్కం ఎంత బాగుందో చూడండి!

కంఠస్థం పనికిరాదంటున్నానని అనుకోకండి. ఎక్కాలు, పద్యాలు నోటికి రావాలి. వస్తే నాలుక తిరుగుతుంది, జ్ఞాపకం పదునెక్కుతుంది. నోటికి వచ్చింది కదా, తెలిసిపోయిందిలే అనుకోవటం దగ్గరే మోసపోతాం.

మరి మా పెద్దమ్మాయి ఏమైంది? సంక్రాంతి తరవాత చాలా తిప్పలు పడ్డాం. ట్యూషను పెట్టించాం, లాభం లేకపోయింది. పిల్ల పుస్తకం చూస్తే ముడుచుకుపోయేది. దాన్ని ఆ పంతులమ్మగారి దగ్గరికి నేను పంపలేదు, సిగ్గు. ఎనిమిదేళ్ళ పిల్ల శిశుతరగతిలోనా అని. ఆవిడే కనిపెట్టి ఒకరోజు, “నీ కూతురిని సాయంత్రం పంపు, నాకు అట్టముక్కలు కత్తిరించి అక్షరాలు రాసిపెట్టే మనిషి కావాలి” అన్నారు. పిల్ల వెళ్ళింది. తమ్ముడి క్లాసుకు అట్టలు తయారుచేసేది. ప, డ, వ, ల, త. ఏవి కలిస్తే ఏ మాట అవుతుందో సరిచూసుకుని కవర్లలో పెట్టాలి. అది దాని ఉద్యోగం. తమ్ముడికి చెప్పటానికని అది చదువుకుంది. ఎవరూ దాన్ని చదవమనలేదు. ఆరేడు నెలలకు ఒకనాటి రాత్రి, బెల్లం పొట్లం విప్పిన కాగితం తానే సాపు చేసుకుని చదవటం వంటింట్లోంచి చూశాను. పిలవలేదు, పలకరించలేదు. గరిటె కింద పెట్టి అక్కడే నిలబడ్డాను.

అంతా బాగయిపోయిందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. డిగ్రీ పూర్తి చేసింది, ఉద్యోగం చేసుకుంటోంది, కథల పుస్తకాలు నాకంటే ఎక్కువ చదువుతుంది. కానీ నలుగురి ముందు పైకి చదవమంటే ఈనాటికీ మొహం పాలిపోతుంది. వీపు మీద దెబ్బ ఒక్కటే, దాని లెక్క మాత్రం ఇంకా తేలలేదు.

ఇప్పుడు రోజులు కొంత మారాయి. 1975 అక్టోబరు 2న మన దేశంలో అంగన్‌వాడీల పథకం మొదలైనప్పుడు పౌష్టికాహారం, టీకాలు, తూకాలే ఎక్కువగా మన చెవిన పడేవని మా అత్తగారు అనేవారు. ఆటపాటల చదువు కూడా అప్పటినుంచే అందులో భాగం. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అన్నది. అంటే నర్సరీ నుంచి రెండో తరగతి దాకా ఒకే మెట్టు, ఆటతో కలిపి చెప్పమని. మరుసటి ఏడు నిపుణ్ భారత్ అని పెట్టి, 2026–27 కల్లా మూడో తరగతి ముగించే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలి, మామూలు లెక్కలు చెయ్యాలి అని గడువు పెట్టుకున్నారు. మూడో తరగతి అన్న మాట గమనించండి. యూకేజీ కాదు. మన తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిపితే వందల రూపాలున్నాయి, ఇంగ్లీషులా ఇరవై ఆరుతో తెమలదు. రెండు మూడేళ్ళు పట్టటమే సహజం. పక్కింటి పిల్లకు నాలుగేళ్ళకే వచ్చేసిందని మనం కంగారుపడితే, ఆ కంగారు తిన్నగా పిల్ల వేళ్ళ మీదికి దిగుతుంది. బడివాళ్ళు కూడా మన కంగారు చూసే నోటుబుక్కులు నింపిస్తారు. రాత కనపడకపోతే ఫీజు ఇచ్చే తల్లి ఊరుకోదని వాళ్ళ భయం.

సెల్‌ఫోను సంగతి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. మా పైవాటాలో ఉండే నాలుగేళ్ళ బాబు ఫోనులో చూసి ఏ బి సి డి లూ, అంకెలూ, రంగులూ, ఇంగ్లీషు పాటలూ అన్నీ చెబుతాడు. వాళ్ళమ్మ అచ్చం ఒకప్పటి నాలాగే మురిసిపోతోంది. మొన్న వాడిని, “నాన్నా, మూడు చెంచాలు తెచ్చిపెట్టు” అన్నాను. గుప్పెడు తెచ్చాడు. వాళ్ళమ్మకు ఏమీ చెప్పలేదు. వాడినే కూర్చోబెట్టి, నీకొకటి, నాకొకటి, అమ్మకొకటి అని పంచాం. ఇప్పుడు రోజూ సాయంత్రం వచ్చి చెంచాలు అడుగుతున్నాడు.

మీ ఇంట్లో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలుంటే, లేదా ఒకటీ రెండూ చదివే పిల్లలున్నా సరే, ఇవాళ ఒకసారి పుస్తకం చదివించుకుని వినండి. విని, బొమ్మ మీద చెయ్యి పెట్టి చూడండి. పిల్ల ఆగిపోతే మాత్రం నేను చేసినట్టు చెయ్యకండి. ఆ చేతినే తీసి, పళ్ళెంలో కాస్త రవ్వ పోసి, పిల్లకు బాగా ఇష్టమైన మాట ఏదో అడిగి దానితో మొదలుపెట్టండి. మావాడు ‘వడ’తో మొదలుపెట్టాడు. వాడికి ఇప్పటికీ వడలంటే ప్రాణం.

ఈ ప్రసంగం కాగితాలు రాసి బల్ల మీద పెడితే మా అమ్మాయి తీసుకుని చూసింది. తన సంగతి ఇందులో చెప్పవచ్చునా అని ముందే అడిగాను, చెప్పమంది. “ఇందులో బొమ్మలు లేవు, చదవగలనో లేదో” అని నవ్వి, అక్కడే నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివింది, మనసులోనే. రెండు చోట్ల నేను ఒత్తు తప్పు పెట్టానని దిద్దింది కూడా.